పెంకు మీది పేర్లు

సోషల్ మాస్టారు సెలవు పెట్టిన రోజున తొమ్మిదో తరగతి నాకు పడింది. రోమన్ సామ్రాజ్యం పాఠం. అగస్టస్ స్వర్ణయుగమనీ, వర్జిల్, హొరేస్ మహాకవులనీ ధాటిగా చెప్పుకుపోతున్నాను. ఒక అమ్మాయి లేచి, "వాళ్ళు దేంట్లో వండుకునేవాళ్ళు సార్?" అంది. తెలుగు ఎం.ఎ. చదివిన నా దగ్గర జవాబు లేదు. "ప్రజాజీవితం" అనే మాటను మన విమర్శలో పేజీకి నాలుగుసార్లు వాడతాం. ఆ ప్రజలు ఏ గిన్నెలో తిన్నారో మాత్రం చూడం. ఈ వ్యాసానికి ఆ అమ్మాయి ప్రశ్నే కారణం.

రోమన్ ఇంట్లో పొయ్యిమీది కెక్కేది 'ఓల్లా' అనే మట్టికుండ. జావ, పప్పుధాన్యాలు అందులోనే ఉడికేవి. దినుసులు నూరడానికి లోపల గరుకురాళ్ళు పొదిగిన 'మోర్తారియమ్' అనే మూకుడు. ద్రాక్షసారా నిలవకు మెడదాకా నేలలో పాతిన 'డోలియమ్' బానలు. వెలుతురుకు మట్టిప్రమిద.

కలవాడు వెండిలో తిన్నాడు, లేనివాడు మట్టిలో తిన్నాడు అని తేల్చేస్తే సరిపోదు. మధ్యలో ఎర్రగా నిగనిగలాడే అర్రెటియమ్ పాత్ర ఉంది. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో ఇటలీలో ఈ సరుకు బయల్దేరింది. వెండిగిన్నె సొగసును అచ్చుల సాయంతో మట్టిలోకి దింపి, ఓమాదిరి సంసారుల ఇళ్ళకు చేర్చింది. ఆ అచ్చుల వెనక చేతులెవరివి? పాత్రమీది ముద్ర చెబుతుంది. మార్కస్ పెరెన్నియస్ అనే యజమాని కార్ఖానా పాత్రలమీద ఆయన పేరుతోబాటు సెర్డో, నికెఫొరస్ వంటి బానిసల పేర్లున్నాయి. నికెఫొరస్ అంటే గ్రీకులో 'విజయం తెచ్చేవాడు'. ఆ పేరు పెట్టుకున్నవాడు మరొకడి సొత్తు! పనివాడిని గౌరవించడానికి వేసిన ముద్ర అని నేననుకోను, లెక్క కోసం వేసిందే అయివుంటుంది. అయినా పేరు మిగిలింది.

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఇంకొకటుంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈ పని దక్షిణ గాల్‌లోని, అంటే నేటి ఫ్రాన్సులోని, లా గ్రోఫెసెంక్‌కు పాకింది. అక్కడ అందరి పాత్రలూ ఒకే పెద్ద ఆవంలో కాల్చేవారు. ఎవరివి ఎన్నో పళ్ళేలమీదే గీసి పెట్టుకున్నారు. ఒక్కొక్క చిట్టాలో లెక్క 20,000 దాటుతుంది. ఆ చిట్టాల్లో లాటిన్‌తో కలిసి గాలిష్ మాటలున్నాయి. కావ్యమంటూ మిగలని ఆ భాషలో మొదటిది, రెండవది అంటూ పదవదాకా ఎలా లెక్కించేవారో మనకు తెలిసింది ఈ కుమ్మరుల చిట్టాలవల్లనే.

క్రీ.శ. 79లో పాంపే బూడిదలో మునిగినపుడు విప్పని పెట్టె ఒకటి అక్కడ ఉండిపోయింది. 1881లో బయటపడింది. అందులో గాల్ నుంచి వచ్చిన గిన్నెలు 90, ప్రమిదలు 37. కొనవలసిన ఇల్లాలు ఎవరో!

నూనె, సారా వచ్చేవి 'ఆంఫోరా' అనే రెండు చెవుల జాడీలలో. స్పెయిన్ నూనె జాడీ ఒక్కటి సుమారు 70 లీటర్లు పట్టేది. ఖాళీ అయిన వాటిని పగలగొట్టి పోయగా రోములో మోంటే టెస్టాచియో అనే గుట్ట లేచింది, 35 మీటర్ల ఎత్తున. మిగతా జాడీలను అంత తేలిగ్గా పారెయ్యలేదు. ఓస్టియా దగ్గర ఈసోలా సాక్రా శ్మశానంలో కలిగినవాళ్ళకు గదుల్లాంటి సమాధులున్నాయి. వాటి మధ్య ఖాళీనేలలో పేదల్ని పాతిపెట్టి, గుర్తుగా ఒక ఆంఫోరా మెడను పైకి నిలబెట్టారు. ఆ మెడలోంచే చనిపోయినవాళ్ళకు సారా ధారపోసేవారు.