గాజుల కొట్టు వెబ్‌సైట్‌లో మూడు భాగాలెందుకు?

చార్మినార్ పక్కనే ఉన్న లాడ్ బజార్ లక్క గాజులకు పెట్టింది పేరు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఒక కొట్టుకి మీరు వెబ్ అప్లికేషన్ తయారు చేస్తున్నారనుకోండి.

గాజుల సైజులు 2.4, 2.6, 2.8, 2.10 అని ఉంటాయి. తిరకాసంతా ఇక్కడే. 2.10 అంటే రెండు అంగుళాల మీద పదహారింట పది వంతులు. కాబట్టి అది 2.8 కన్నా పెద్దది. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. దశాంశం అనుకుని 2.10ని అన్నిటికన్నా చిన్న సైజుగా ముందు పెట్టేస్తుంది. ఈ లెక్కను పేజీ పేజీకీ సరిచేస్తూ పోతే ఎక్కడో ఒకచోట మరిచిపోవడం ఖాయం.

అందుకే మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి. సరుకు వివరాలు, నిల్వ, సైజుల లెక్క మోడల్‌లో ఒక్కచోటే ఉంటాయి. కంటికి కనిపించే ఫొటోలు, రంగులు, బటన్లు వ్యూ పని. ఎవరైనా ‘2.10 ఎర్ర గాజులు’ అని వెతికితే, ఆ కోరికను అందుకుని, మోడల్‌ని అడిగి, వచ్చిన జవాబును వ్యూకి అప్పగించేది కంట్రోలర్. రంజాన్‌కి పేజీ అలంకరణ మార్చాలంటే వ్యూని మారిస్తే చాలు, లెక్క చెదరదు. ఎంత హాయి!

ఈ ఆలోచన నార్వేకు చెందిన ట్రిగ్వే రీన్స్‌కౌగ్‌ది. 1979లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఉండగా రూపొందించారు. అప్పటికి వెబ్ పుట్టనే లేదు! రూబీ ఆన్ రెయిల్స్, లారావెల్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లు తర్వాత వచ్చి దీన్ని వెబ్‌లో అందరికీ అలవాటు చేశాయి.

నేర్చుకునేవాళ్లు మోడల్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ముందు పై నాలుగు సైజులు ఇచ్చి, 2.8 తర్వాతే 2.10 వస్తోందో లేదో చూడండి.