విశ్రాంతి దినములకు విదేశవాసము



ఇల్లు మారుట పురుషులకు ఒక దినపు పని. స్త్రీలకు ఒక సంవత్సరపు పని. పాలవాడెవడు, నీళ్లు ఏ వేళకు వచ్చును, జ్వరము తగిలినచో పిలువదగిన వైద్యుడెవడు అని క్రొత్తచోట సమస్తమును మొదటినుండి నేర్చుకొనవలసినది మనమే. ఒక వీధినుండి మరియొక వీధికి మారుటయే యిట్లుండగా, అరువదేండ్లు దాటిన పిదప దేశమునే మారదలచిన యింట గృహిణి యెంత యాలోచింపవలెనో వేరుగ జెప్పనక్కరలేదు.

ఈ సంగతి యిటీవల మా బంధువర్గములోనే తటస్థించినది. మా పినతల్లిగారి పెద్దకుమార్తె భర్త బ్యాంకు ఉద్యోగమునుండి యీ యేడు విరమించిరి. గడచిన డిసెంబరులో దంపతులిరువురును థాయిలాండు దేశమునకు యాత్ర పోయి, ఉత్తరభాగమందలి చియాంగ్ మై పట్టణమున పది దినములుండి వచ్చిరి. నాటినుండి బావగారికి ఆ యూరి ధ్యానమే. "చెమట లేదు. ఉదయమున శాలువ కప్పుకొని హాయిగా నడువవచ్చును. ఇక్కడి ఖర్చుతోనే అక్కడ దొరలవలె బ్రతుకవచ్చును. ఇల్లమ్మి పోదము" అని వారి మాట. అక్కయ్యకు చిన్ననాటినుండియు ఉబ్బసము. ఆమె అవుననలేక, కాదనలేక, కాగితముల కట్టతో మా యింటికి వచ్చి, "చెల్లీ, మరిదిగారు లెక్కల పంతులు గదా, ఒకమారు చూచిపెట్టుమనవే" అనెను. మావారును మేమును రెండు రాత్రులు కూర్చుండి చూచిన లెక్కలనే యిట వ్రాయుచున్నాము.

మన సుమతీశతకకారుడు కాపురమునకు దగిన యూరికి ధనసహాయమును, వైద్యుని, నీటివసతిని గురుతులుగా జెప్పెను. దేశము మారినను ఆ గురుతులు మారలేదు.

మొదట వాతావరణమును విచారింతము. అక్కయ్య తెచ్చిన కాగితములలో చియాంగ్ మై సంవత్సరపు సగటు వేడిమి యొక్క అంకెగా వేయబడియున్నది. సగటులో ఎవరును కాపురముండరు, నెలనెలలో కాపురముండవలెను. ఆ పట్టణము నలుప్రక్కల కొండలున్న పల్లములో నున్నది. డిసెంబరు, జనవరులలో అది బావగారు వర్ణించినట్లే యుండును. ఫిబ్రవరినుండి ఏప్రిలువరకు రైతులు కోసిన పొలములందలి మోళ్లను తగులబెట్టుదురు, అడవులును అంటుకొనును. ఆ పొగ కొండలను దాటి పోలేక పట్టణముపై నిలిచిపోవును. అందలి ధూళి 2.5 మైక్రానులకన్న సన్ననిదగుటచే ముక్కున ఆగక ఊపిరితిత్తుల లోతట్టునకు జేరును. 2023 మార్చి, ఏప్రిలు నెలలలో అనేక దినములు ఆ పట్టణము ప్రపంచమున మిక్కిలి మలినమైన గాలి గల నగరములలో నొకటిగా లెక్కింపబడెను. పొగ తగ్గకమున్నే ఏప్రిలు ఎండలు వచ్చును. 2024 అక్టోబరులో పింగు నది పొంగి ఊరిలోనికి వచ్చెను. ఉబ్బసము గలవారికి పది దినముల డిసెంబరు ప్రధానమా, మూడు నెలల పొగ ప్రధానమా?

కావున ఒక దేశపు వాతావరణమును అడుగునపుడు మంచి నెల యెట్లుండునని గాక చెడ్డ నెల యెట్లుండునని యడుగవలెను. వృద్ధాప్యమున దాహము తెలియుట తగ్గును; చెమట పోసి శరీరము చల్లబడుటయు మందగించును. సమశీతోష్ణమని పేరొందిన ఫ్రాన్సులో 2003 ఆగస్టు వడగాలులకు సుమారు 15 వేలమంది మరణించిరి. వారిలో అధికులు వృద్ధులే. పోర్చుగలు దక్షిణతీరమున శీతకాలము మృదువని అనేకులు చేరుచున్నారు. అక్కడి పాత యిండ్లు చాలవరకు చలిని కాచుకొను ఏర్పాటులేనివి. వీధిలో ఎండ కాయుచుండగా ఇంటిలో వణకవలసివచ్చును. అమెరికా పింఛనుదారులు చేరుచున్న ఈక్వడారు దేశపు క్వెంకా నగరము సంవత్సరమంతయు చల్లనిదే. కాని సముద్రమునకు సుమారు 2,500 మీటర్ల యెత్తున నుండుటచే అక్కడి గాలి పలుచన. గుండె, ఊపిరి బలహీనమైనవారు వైద్యుని యడుగక పోరాదు.

ఇక ధనము. థాయిలాండులో 50 ఏండ్లు నిండిన విశ్రాంతులకు ఏడాది వీసా యిచ్చుటకు అక్కడి బ్యాంకులో 8 లక్షల బాతులు నిలువయుంచుటగాని, నెలకు 65 వేల బాతుల రాబడి చూపుటగాని నియమము. 2010లో బాతు సుమారు 1 రూపాయి 44 పైసలు. 2022లో సుమారు 2 రూపాయల 24 పైసలు. అనగా ఆ 8 లక్షల బాతులకు 2010లో 11 లక్షల 50 వేల రూపాయలు చాలగా, 2022లో 18 లక్షలు కావలసివచ్చెను. అక్కడ బియ్యపు ధర పెరుగకున్నను మనకు పెరిగినట్లే యైనది. పింఛను రూపాయలలో వచ్చి ఖర్చు వేరొక నాణెములో నగు సంసారమునకు ఇది దాచరాని లెక్క. ఇచట ధరలు పెరిగినపుడు కరువుభత్యము కొంత ఆదుకొనును. నాణెపు మారకమునకు భత్యము లేదు.

ధనవంత దేశములవారికిని ఈ చిక్కులు తప్పలేదు. బ్రిటిషు ప్రభుత్వ పింఛను తీసికొనువారు స్పెయినులోగాని అమెరికాలోగాని నివసించిన యెడల ఏటేట పెంపుదల లభించును. ఆస్ట్రేలియా, కెనడా, థాయిలాండు, మన దేశము మొదలగుచోట్ల నివసించినచో అట్టి పెంపుదల లేక మొదటి మొత్తమే కడదాక నిలిచిపోవును. అమెరికా వృద్ధుల ప్రభుత్వ వైద్యభీమా స్వల్ప సందర్భములలో దప్ప ఆ దేశపు టెల్ల దాటి పనిచేయదు. వైద్యుని ఖర్చును నెలవారీ పద్దులో వేయక చౌకయని సంతోషించుట, పొయ్యిలోనికి కట్టెలను లెక్కింపక వంటఖర్చు చెప్పుట వంటిది.

శాసనములును మారుచుండును. మలేషియాలోని పెనాంగు ద్వీపమును మేము తరువాత చూచితిమి. అక్కడ మంచి వైద్యశాలలున్నవి. దక్షిణదేశపు భోజనము దొరకును. బ్రిటిషువారి కాలమున తోటపనులకు పోయిన తెలుగువారి సంతతియు ఆ దేశమున గలదు. కాని 2021లో అచటి ప్రభుత్వము దీర్ఘకాల నివాసము గోరు విదేశీయులు చూపవలసిన నెలసరి రాబడిని 10 వేల రింగిట్టులనుండి ఒక్కమారుగా 40 వేలకు పెంచెను. 2024లో నియమములు మరల మారి, క్రింది తరగతివారును 1 లక్ష 50 వేల డాలర్లు బ్యాంకులో నిలువయుంచి, ఇల్లు కొనవలెనని యేర్పడెను. అది మన నాణెమున కోటి రూపాయలకు మించినది. ఒక పద్ధతిని నమ్మి ఇక్కడి యిల్లమ్ముకొన్నవారికి ఆ పద్ధతియే మారినచో నిలువనీడ యెక్కడ?

అన్నిటికన్న ముఖ్యమైనదొకటి ఏ కాగితములోను కనబడలేదు. చెప్పుటకు నోరు రాకున్నను చెప్పవలసినదే. దంపతులలో ఒకరు ముందు పోవుట, ఒకరు మిగులుట తప్పదు. భార్యలు వయసున చిన్నవారగుటచే తరచుగా మిగులునది స్త్రీయే. మన బ్యాంకు, ప్రభుత్వోద్యోగులకు పింఛను సామాన్యముగా జీతములో 50 శాతము. భర్త పోయిన కొంతకాలమునకు భార్యకు వచ్చునది 30 శాతము. ఐదు పాళ్లు మూడు పాళ్లగును. ఇంటి అద్దె మాత్రము మూడు పాళ్లు కాదు. వీసా భర్త పేర నున్నచో ఆమె ఆ దేశమున నుండుటకు హక్కేమి? బ్యాంకులోని నిలువ ఎవరి పేర నున్నది? భాష తెలియని యాసుపత్రిలో సంతకము పెట్టవలసిన రాత్రి ఆమె ప్రక్కన నిలుచువారెవరు? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వ్రాసికొనిన పిదపనే ఊరి సొగసు చూడవలెను. ఇద్దరికి చౌకయైన ఊరు చాలదు. ఒంటరిగా మిగిలినవారు బ్రతుకగల ఊరు కావలెను.

విదేశవాసము తగదని మా యభిప్రాయము కాదు. పిల్లలు అక్కడ స్థిరపడినవారికిని, ఆరోగ్యమును ధనమును అనుకూలించినవారికిని అది సుఖమే. పోదలచినవారు చెడ్డ నెలలలో అద్దెయింట నుండి చూడవలెను. ఒక సంవత్సరము గడచువరకు ఇక్కడి యిల్లు అమ్మరాదు. నిలువధనము ఇద్దరి పేరను, కొంత భార్య పేరనే యుండవలెను.

ఈ లెక్కలన్నియు ఒక కాగితమున వ్రాసి అక్కయ్యకిచ్చితిమి. బావగారు కడవరకు చదివి, కుటుంబ పింఛను వరుసయొద్ద చాలసేపు ఆగి, కండ్లద్దములు తీసి తుడుచుకొని, "మార్చి నెలలో పోయి చూతమందువా?" అని అడిగిరట. "మీరు పోయి చూచి రండు. నేనిచట ఊపిరి తీసికొనుచుందును" అని అక్కయ్య నవ్వెనట. ఇల్లమ్ము మాట మాత్రము ప్రస్తుతమున ఆ యింట వినబడుటలేదు.