జ్వరానికి జడిసి మానేసింది... మళ్లీ పట్నం బస్సెక్కింది!

మర్రిగూడ: "మందు ఎక్కించుకుంటే బాగయితదనుకున్న. మర్నాడు పొద్దుగూకంగ చలిజరం పట్టుకున్నది. ఒళ్లంత కట్టెలు పెట్టి కొట్టినట్టయ్యింది. ఈ మందు నాకు పడది, ఇగ సచ్చినా పోనన్న." వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది ఆ తల్లి. వయసు యాభై ఆరు. మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఊరి పేరు, తన పేరు రాయవద్దని కోరింది. రాయడం లేదు.

మూడేళ్ల కిందట ఆమెకు రొమ్ము కేన్సరని తేలింది. ఆపరేషనయింది, తర్వాత రోజూ వేసుకోమని లెట్రోజోల్ గోలీలు రాశారు. నిరుడు వానాకాలంలో నడుము నొప్పి మొదలయింది. ఈ ప్రాంతంలో నడుము నొప్పి అంటే ఎవరైనా ఒకటే మాట అంటారు: ఫ్లోరైడు. ముప్పై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఒళ్లాయె, నొప్పులు రాకుండా ఎట్లుంటాయని ఇంటివాళ్లూ అనుకున్నారు, ఆమే అనుకుంది. నాలుగు నెలలు తైలాలతోనే గడిపారు. పట్నంలో స్కానింగు తీస్తే కేన్సరు వెన్నుపూసలోకి, తుంటి ఎముకలోకి పాకిందని తేలింది. రొమ్ము కేన్సరు వచ్చిన మనిషికి కొత్తగా పుట్టిన ఎముకల నొప్పిని నీళ్ల మీదికో, వయసు మీదికో నెట్టి ఊరుకోకూడదు. డాక్టరుకు చూపించాలి.

అప్పుడు డాక్టర్లు రాసిందే జోలెడ్రోనిక్ ఆసిడ్. మన ఊళ్లలో దీన్ని 'బొక్కల సీసా' అంటున్నారు. నాలుగు మిల్లీగ్రాముల మందును చిన్న సెలైన్ సీసాలో కలిపి పావుగంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఎక్కిస్తారు. ఎముకల్లోకి వ్యాపించిన వారికి మూడు నాలుగు వారాలకొకసారి గానీ, పన్నెండు వారాలకొకసారి గానీ ఇస్తారు. ఈమెకు పన్నెండు వారాలకొకసారి అన్నారు.

ఇది కేన్సరును నయం చేసే మందు కాదు. మన ఎముక ఎప్పుడూ ఒక పక్క అరుగుతూ, ఇంకో పక్క కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. కేన్సరు అందులో చేరితే ఎముకను తినే కణాలు రెచ్చిపోతాయి. కట్టేది తక్కువ, కూల్చేది ఎక్కువ అవుతుంది. ఈ మందు ఎముకలోనే తిష్ఠ వేసి ఆ కూల్చే కణాలను అణుస్తుంది. దానితో ఎముక విరగడం, వెన్నుపూస కుంగడం లాంటి ప్రమాదాలు తగ్గుతాయి. ఎముకల్లోకి పాకని వారికీ కొందరికి ఆరు నెలలకొకసారి ఇస్తారు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ గోలీలు ఎముకలను పలుచన చేస్తాయన్నది ఒక కారణం. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్కలు ఇంకో కారణం. ముట్లుడిగిన స్త్రీలలో పదేళ్లలో కేన్సరు ఎముకల్లోకి తిరగబెట్టడం, ఈ రకం మందులు వాడనివారిలో నూటికి 8.8 మందిలో కనిపిస్తే, వాడినవారిలో 6.6 మందికి తగ్గింది.

నిరుడు దసరా వెళ్లాక ఆమెకు మొదటి సీసా ఎక్కించారు. మర్నాడు జ్వరం వచ్చింది. రోగం ముదిరిందని ఒకరు, మందు ఎదురు తిరిగిందని ఒకరు అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిస్తే నొప్పుల సూది పొడిచి పోయాడు. మూడో రోజుకు జ్వరం దానంతటదే పోయింది. పేరు మాత్రం సూదికి వచ్చింది.

ఈ విలేఖరి ఆ ఆసుపత్రి చీటీ అడిగి చూశాడు. మొదటిసారి ఈ మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చనీ, పారాసిటమాల్ వేసుకోవచ్చనీ రెండో పేజీలో అచ్చేసి ఉంది. ఇంగ్లీషులో! కొడుకు పదో తరగతితో ఆపినవాడు. ఆ రద్దీలో నోటితో చెప్పిన వాళ్లు లేరు, అడగాలని వీళ్లకు తోచలేదు. ఆ రెండు వాక్యాలు తెలుగులో ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేదేమో.

సంక్రాంతి తర్వాత రెండో సీసా తేదీ వచ్చింది, పోలేదు. ఉగాది దాటాక మూడోది, అదీ పోలేదు. "ఆర్టీసీ బస్సుల నాకు టికెట్ లేదు. తోడొచ్చే కొడుకుకు కూలి పోతది. జరం తెచ్చుకునేటందుకు కూలి పోగొట్టుకునుడెందుకని నేనే వద్దన్న" అంది. తొలకరి వానలకు ఒకనాడు పొద్దున మంచం దిగబోతే తుంటిలో కత్తి దిగినట్టయి కాలు కింద పెట్టలేకపోయింది. ఎముక విరగలేదు గానీ విరిగేందుకు సిద్ధంగా ఉందని పట్నంలో చెప్పారు. నొప్పి తగ్గడానికి ఆ చోట ఒకరోజు కరెంటు పెట్టారు. మానేసిన సీసాల సంగతి అప్పుడు బయటపడింది.

డాక్టరమ్మ తిట్టలేదట. కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదటిసారి జ్వరం చాలామందికి వస్తుందనీ, తర్వాతి సీసాలకు చాలావరకు తగ్గుతుందనీ, అది రోగం పెరగడం కాదనీ చెప్పిందట. అయితే ఒక హెచ్చరిక చేసింది. కీమో నడుస్తున్న మనిషికి జ్వరం వస్తే ఇది సీసా జ్వరమేలే అని ఇంట్లో కూర్చోకూడదు. రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. కీమో లేని వారికైనా మూడు రోజులు దాటితే చూపించుకోవాలి. నొప్పుల సూది విషయం విని మాత్రం ఆమె ముఖం చిట్లించిందట. ఈ మందు మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. నొప్పి సూదులు, బిళ్లలు చాలావాటి బరువు కూడా వాటి మీదే పడుతుంది. అందుకే ప్రతి సీసాకు ముందు రక్తపరీక్ష చేసి మూత్రపిండాల పనితీరు చూస్తారు.

ఇక్కడ మన ఆడవాళ్ల సంగతి ఒకటి రాయక తప్పదు. పట్నం ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. బస్సు మధ్యలో ఆగదు, ఆగినా పోవడానికి చోటుండదు. ఈ తల్లీ అంతే, మొదటిసారి గుక్కెడు నీళ్లు లేకుండా పోయి సీసా ఎక్కించుకుని వచ్చింది. ఈ మందుకు ముందు ఒంట్లో నీళ్లు తక్కువగా ఉంటే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు ఇంటి దగ్గర తాగకపోయినా ఆసుపత్రి చేరగానే నిదానంగా రెండు గ్లాసులు తాగి, ఆ తర్వాతే చెయ్యి చాపుతోంది.

అసలు చిక్కు పంటి దగ్గర వచ్చింది. కింది దవడలో ఒక పన్ను ఎప్పటినుంచో పుచ్చి ఉంది. ఈ మందు వాడుతుండగా పన్ను పీకిస్తే కొందరికి ఆ గాయం మానదు, దవడ ఎముక బయటపడి చీము పడుతుంది. 2003లో అమెరికా డాక్టర్లు మొదట దీన్ని గుర్తించి రాశారు. అరుదే గానీ వస్తే ఒక పట్టాన వదలదు. అందుకే మొదటి సీసాకు ముందే పళ్లు చూపించుకుని, పీకేవి పీకించి, గాయం మానాక మందు మొదలుపెట్టాలి. ఈమెకు ఆ పని వెనకాముందయింది. పంటి డాక్టరు జాగ్రత్తగా పన్ను తీసి, చిగురు పూడేదాకా రెండు నెలలు ఆగమన్నాడు. సంతలో పళ్లు పీకేవాడి ముందు నోరు తెరవవద్దని కూడా చెప్పాడు. పొగాకు నమలడం మానిందా అని అడిగితే, "సగం మానిన" అని నవ్వింది.

వినాయక చవితి దాటాక రెండో సీసా ఎక్కించారు. ఈసారి రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడింది. పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గింది. కార్తీకంలో మూడోది అయింది, ఏమీ కాలేదు. కాల్షియం, విటమిన్ డి బిళ్లలు ఇంటి దగ్గర రోజూ వేసుకోవాలి. ఎముక అరగడం ఆగితే రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి ఎక్కినా, పిక్కలు పట్టేసినా వెంటనే చెప్పమన్నారు. రాగి జావ, పెరుగు తింటోంది. అవి మంచివే గానీ బిళ్లలకు బదులు కావు. ఏళ్ల తరబడి ఈ మందు వాడినవారికి తొడలో గానీ గజ్జల్లో గానీ కొత్త నొప్పి పుడితే అదీ దాచకూడదు. అరుదుగా తొడ ఎముక బీటవారుతుంది.

ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వాకిలంతా తిరుగుతోంది. గోడ మీది క్యాలెండరులో మాఘమాసంలో ఒక తేదీ చుట్టూ మనవరాలు ఎర్రసున్నా చుట్టింది. ఆ రోజు పొద్దున్నే మాల్ దాకా ఆటో, అక్కణ్ణుంచి పట్నం బస్సు. కిందటి నెల పక్క వీధిలో ఒకామెకు ఇదే సీసా రాశారు. ఆమె కూడా మర్నాడు జ్వరంతో వణికిపోతే కోడలు ఏడుస్తూ ఈ వాకిట్లోకి వచ్చింది. "ఏం గాదు బిడ్డా, ఆమెకు కీమో నడుస్తలేదు గదా? అయితే గోలీ ఎయ్యి, నీళ్లు తాగియ్యి, ఎల్లుండికి తగ్గకపోతే దవాఖానకు పోదాం, నేనూ వస్త" అని పంపిందట.