ముక్కలు పంచేటప్పుడే కూర్చోవాలి

ఒమన్‌లోని షినాస్‌లో శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక ఏ రూములో సినిమా పెట్టినా ఒక చెయ్యి రిమోట్ మీదే ఉంటుంది. “మొదటి పావుగంట పేర్లూ పరిచయాలే కదన్నా, హీరోయిన్ వచ్చేదాకా ఫార్వర్డ్ కొట్టు.” ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫైటింగ్ సినిమాలో మొదటి ఫైటు ఎగరగొడితే పోయేదేమీ లేదు, అలాంటివి ఇంకో నాలుగు వస్తాయి. రొమాంటిక్ కామెడీలో మొదలు ఎగరగొడితే మాత్రం మిగిలేది పాటలే.

ఈ రకం సినిమాలో చివరికి ఏమవుతుందో పోస్టరే చెప్పేస్తుంది. ఇద్దరూ కలుస్తారు. ఇక దర్శకుడు ఒప్పించాల్సింది ఒక్కటే: వీళ్ళిద్దరే ఎందుకు కలవాలి? దానికి జవాబు మొదట్లోనే పడాలి.

రమ్మీ ఆడేవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మొదటి సీన్లంటే ముక్కలు పంచడం. తలా 13 వస్తాయి, ఏ చెయ్యీ నిండుగా ఉండదు. ఒకరికి కావలసిన ముక్క రెండోవాళ్ళ దగ్గర ఉంటుంది. తర్వాత జోకర్ తిప్పుతారు, అప్పటిదాకా పనికిరాని ముక్కకి ఉన్నట్టుండి విలువొస్తుంది.

2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ చూడండి. ప్రశాంత్ కుటుంబంతో చిత్ర ఇంటికి పెళ్ళిచూపులకి వస్తాడు. పెద్దలు ఇద్దరినీ మాట్లాడుకోమని గదిలోకి పంపుతారు. తలుపు మూసుకుపోతుంది, తెరుచుకోదు.

ఆ తలుపు చేసే పని చూడండి. పెళ్ళిచూపులంటేనే అందరూ మంచి వైపు మాత్రమే చూపించే తతంగం. వీడియో కాల్‌లో పిల్లను చూసిన మన రూముల వాళ్ళకి ఇది కొత్తా? ఫోను ఖాళీ గోడ వైపు పెడతాం గానీ బంక్ బెడ్ల వైపు తిప్పుతామా? తలుపు బిగుసుకోవడంతో ఆ తతంగం ఆగిపోతుంది. పైగా చిత్రకి ఈ పెళ్ళే అక్కర్లేదు. మెప్పించాల్సిన పని లేనప్పుడు అబద్ధం దేనికి? ఇంజనీరింగ్ ఈడ్చుకుంటూ ముగించిన సంగతి, వంట మీద ఇష్టం అతను చెబుతాడు. ఫుడ్ ట్రక్కు పెట్టాలనుకున్న సంగతి, తోడుంటానన్నవాడు మధ్యలో తప్పుకున్న సంగతి ఆమె చెబుతుంది. ఇద్దరి చేతుల్లో ఉన్నవేమిటో ఇప్పుడు లెక్క చూసుకోండి. ఆమె దగ్గర ప్లానూ పట్టుదలా ఉన్నాయి, వండేవాడు లేడు. అతని చేతిలో వంట ఉంది, దానికో దారి లేదు. వాళ్ళ మధ్య ప్రేమ ఊసే లేదు గానీ మనకి మాత్రం జోడీ కుదిరిపోయింది. ఈ సినిమా మాటలకి జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుంది, వీళ్ళు వచ్చింది వేరే ఇంటికని తేలుతుంది. ఇదీ జోకర్. సరైన ఇల్లే అయితే అవునో కాదో అనేసి కథ ముగిసేది. తప్పు ఇల్లు కాబట్టి పెద్దల ప్రమేయం లేకుండా, పెళ్ళి మాట లేకుండా, వ్యాపారం పేరుతో ఆ ఇద్దరూ మళ్ళీ కలవగలిగారు.

మన నిర్మాతలు మంచి ఘడియ చూసి దేవుడి పటం మీద ముహూర్తం షాట్ తీస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఆ శ్రద్ధలో సగం సినిమా మొదటి సీను రాసుకోవడం మీద పెడితే ఆ కొబ్బరికాయ పచ్చడికైనా మిగిలేది.

నలుగురి మధ్య దొరకని నిజాన్ని ఇరుకు చోటులో బయటికి లాగడం హాలీవుడ్‌కీ తెలిసిన విద్యే. 1989 నాటి ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’లో చికాగో నుంచి న్యూయార్క్ దాకా కారు ప్రయాణం ఆ పని చేస్తుంది. కానీ నా ఓటు 1955 నాటి ‘మిస్సమ్మ’కే, అక్కడ ఇరుకున పెట్టేది ఆకలి. భార్యాభర్తలైన టీచర్లు కావాలని పత్రికలో ప్రకటన వస్తుంది. ఎదురుగా ఉద్యోగం లేని ఇద్దరు పట్టభద్రులు, ఆయనది ఒక మతం, మేరీ అనే ఆమెది ఇంకో మతం. పైగా మేరీ వెనక అప్పులిచ్చిన డేవిడ్, పెళ్ళి చేసుకోమని గొడవ. ఆ ఇద్దరిచేత భార్యాభర్తలమని ఆకలే పెళ్ళినాటకం ఆడించింది గనక ఆ అబద్ధాన్ని మనం తప్పుపట్టం, హాయిగా నవ్వుతాం.

‘ముగింపు తెలిసిపోయాక ఇంక సస్పెన్స్ ఏముంది?’ అని అడుగుతారు. మనకి ముందే తెలిసిన సంగతి వాళ్ళకి ఎప్పుడు తెలుస్తుందా అన్నదే సస్పెన్స్. కాబట్టి ఏ ప్రేమకథైనా రెండో సగంలో విసుగు పుట్టిస్తే క్లైమాక్స్‌ని తిట్టకండి. ఆ ఇద్దరిలో ఒకరికి లేనిదేమిటో, అది రెండోవాళ్ళ దగ్గర ఉందో లేదో మొదటి పావుగంటలో వెతకండి. కనబడకపోతే అది పంచినవాడి తప్పు.