ట్రంకు పెట్టెలో హరిశ్చంద్రుడు

వల్లూరు: మండలంలోని ఒక పల్లెలో పోయిన సంవత్సరం ఒక పెద్దాయన కాలం చేశారు. కర్మాంతరాలు అయ్యాక అటక మీది ట్రంకు పెట్టె దించి చూడగా, పాత పంచెల మధ్య చుట్టిపెట్టిన గ్రామఫోను ప్లేట్లు 43 బయటపడ్డాయి. ఎక్కువ భాగం పద్యనాటకాలవే. హరిశ్చంద్ర కాటిసీను ఉంది, రాయబారం ఉంది. డి.వి. సుబ్బారావు, పీసపాటి నరసింహమూర్తి, ఈలపాట రఘురామయ్య పేర్లు చీటీల మీద ఇప్పటికీ చదవవచ్చు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఏనాడో పాత సామాన్ల వాని బండెక్కింది గాని ప్లేట్లను మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆయన భార్యకు ఇప్పుడు ఎనభై దాటింది. "మీ జేజినాయన రాత్రిపూట పెట్టేటోడు. ఆ కాటిసీను ఒక్కతూరి వినిపీ నాయనా" అని ఆమె మనవణ్ణి అడిగింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ యువకుడు వెంటనే సూట్‌కేసు మాదిరిగా మూసుకునే రికార్డు ప్లేయరు ఒకటి తెప్పించాడు. మూడు వేగాలూ ఉన్నాయని అట్టపెట్టె మీద రాసి ఉంది. తీరా పెట్టి చూస్తే పోపు వేసినట్టు చిటపటలే తప్ప పద్యం ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టుంది. వారం రోజుల తర్వాత అదే మిషను మీద ఘంటసాల భగవద్గీత ఎల్పీ పెడితే అది కూడా గరగరమంది. అంతకు ముందు ఆ ఎల్పీ శుభ్రంగా ఉండేది.

ఆ ఇంటితో ఈ విలేకరికి దూరపు చుట్టరికం ఉంది. సాయం చేద్దామని వెళ్ళి, ప్లేటు మీది మురికి పోతుందనుకుని ఇంజక్షన్ల స్పిరిట్‌తో ఒకదాన్ని తుడవడం జరిగింది. దూది నల్లబడింది. అది మురికి కాదు, ప్లేటే కరుగుతోంది! 43లో ఒకటి ఈ విలేకరి చేతుల మీదుగా పాడైందని ఒప్పుకోక తప్పదు.

ఇటువంటి పెట్టెలు మన ఊళ్ళలో ఇంకా కొన్ని ఉండవచ్చు. కొత్త రికార్డు ప్లేయర్లేమో ఇప్పుడు మళ్ళీ విరివిగా దొరుకుతున్నాయి. అమెరికాలో 2022లో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడు పోగా, నల్ల రికార్డులు 4 కోట్ల 10 లక్షలు పోయాయి. 1987 తర్వాత రికార్డులు సీడీలను మించడం అదే మొదలు. ఆ మోజు మన వైపు కూడా వచ్చింది. అయితే అక్కడి వారు కొనే రికార్డు వేరు, మన ట్రంకు పెట్టెల్లోది వేరు.

ఈ సంగతి తేల్చి చెప్పింది కమలాపురం వైపు ఊళ్ళో ఉంటున్న ఒక వృద్ధుడు. కేసెట్లు వచ్చేదాకా ఆయన పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ మైకుసెట్టు కట్టేవారు. ప్లేటును వేలి మీద ఆనించి బరువు చూసి, వెలుతురుకు వాల్చి గాడులు చూసి, "ఇది లక్క ప్లేటు సామీ. దీనికి ఈ ముల్లు కాదు. ముందు ప్లేటు చూడాల, దానికి తగిన మిషను కొనాల. మీరు మిషను కొని ప్లేటు ఎతుకుతాండారు" అన్నారు.

లక్క ప్లేటు అంటే నిజంగా లక్కే. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురులో రాతిపొడి కలిపి అచ్చు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు పాడితే ఎక్కువ. కిందపడితే పెంకులాగా పగులుతుంది. లక్కకు స్పిరిట్ తగిలితే కరుగుతుంది, వార్నిషు చేసేవారికి ఈ సంగతి తెలుసు. ఎల్పీ 1948లో అమెరికాలో వచ్చింది. అది వినైల్ అనే ప్లాస్టిక్. నిమిషానికి 33 చుట్లా మూడోవంతు తిరుగుతుంది, ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. 45 చుట్ల చిన్న రికార్డు ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. మన దేశంలో మాత్రం లక్క ప్లేట్లు 1960లలో కూడా తయారయ్యాయి. ఇంగ్లండు బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ లక్క ప్లేట్ల మీద అమ్మారు. కరెంటు లేని పల్లెల్లో కీ మిషన్లే గతి కదా.

అసలు చిక్కు గాడిలో ఉంది. 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి తగిన ముల్లు మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యోవంతులు 3 ఉండాలి. ఎల్పీ ముల్లుకు 0.7 చాలు. ఎద్దులబండి గాడిలో సైకిలు చక్రం నడిపినట్టు, ఎల్పీ ముల్లు లక్క ప్లేటు గాడి అడుగున పడి అక్కడి దుమ్మూ రాళ్ళూ తగులుకుంటూ పోతుంది. అందుకే ఆ చిటపటలు. రాతిపొడికి ఆ సన్నని మొన అరిగి వాడి తేలుతుంది. అదే ముల్లు మళ్ళీ ఎల్పీ మీద పెడితే గాడిని చెక్కేస్తుంది. ఆ ఇంట్లో భగవద్గీత పాడైనది ఇలాగే. మూడు వేగాలూ ఉన్నాయని పెట్టె మీద రాసిన వారు, మూడింటికీ ముల్లు ఒకటేనని రాయలేదు.

అలాగని పాత కీ గ్రామఫోను ఎక్కడైనా దొరికిందని దాని మీద ఎల్పీ పెట్టరాదు. ఆ తల బరువు వంద గ్రాములకు పైగా ప్లేటు మీద పడుతుంది. ఇనుప ముల్లు ఒక వైపు పాడగానే మార్చవలసిందే. లక్క ప్లేటు ఓర్చుకుంటుంది గాని ఎల్పీ ఒక్కసారికే పోతుంది.

కాబట్టి కొనబోయేవారు దుకాణంలో మొదట అడగవలసినది ముల్లు మార్చుకోవచ్చునా అని. 78కి వేరే ముల్లు ఆ కంపెనీ అమ్ముతుందా అని కూడా అడగాలి. మొన వజ్రానిదా, నీలం రాయిదా అన్నది తర్వాతి ప్రశ్న. వజ్రం కొన్ని వందల గంటలు నిలుస్తుంది, నీలం త్వరగా అరుగుతుంది. రెండోది, చెయ్యికి వెనక తిప్పే దిమ్మె ఉందా లేదా చూడాలి. ముల్లు ఎంత బరువుతో ఆనాలో ఆ దిమ్మెతోనే సరిచేస్తారు. ఎల్పీకి సాధారణంగా రెండు గ్రాముల అటూ ఇటూ చాలు. చౌక సూట్‌కేసు మిషన్లలో దిమ్మె ఉండదు, బరువు నాలుగైదు గ్రాముల దాకా పడుతుంది. మూడోది 78 వేగం. మంచి మిషన్లన్నిటిలో ఇది ఉండదు. ఉదాహరణకు ఆడియో టెక్నికా వారి ఎల్.పి.60 రకంలో 33, 45 మాత్రమే ఉన్నాయి, ఎల్.పి.120 రకంలో 78 కూడా ఉంది. ఇంట్లో ఎల్పీలు తప్ప మరేమీ లేనివారికి చిన్నదే చాలు, పెద్దదానికి డబ్బు పోయనక్కరలేదు. బెల్టుతో తిరిగేదా, మోటారు నేరుగా తిప్పేదా అని పట్నంలో గంటలు గంటలు వాదిస్తారు. మన అవసరానికి రెండూ పనికివస్తాయి. బెల్టు కొన్నేళ్ళకు సాగుతుంది, మార్చుకోవాలి, అంతే.

ముల్లు బరువు చూడడానికి ప్రొద్దుటూరులో ఒక కంసాలి దారి చూపారు. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద ముల్లు ఆనిస్తే అంకె తెలిసిపోతుంది. కాకపోతే త్రాసు పళ్ళెం ఇనుముదైతే ముల్లు వెనకనున్న అయస్కాంతం దాన్ని లాగి లెక్క తప్పుతుంది. మధ్యలో చిన్న చెక్కముక్క పెట్టి, దాని బరువు తీసేసి చూడాలి. ముల్లు మొన అరిగిందీ లేనిదీ ఆయన భూతద్దంలోనే తెలుస్తుంది.

స్పీకర్ల సంగతి ఒక మాట. అయస్కాంతపు కార్ట్రిడ్జి నుంచి వచ్చే ధ్వని చాలా సన్నం. ఆంప్లిఫైయరు వెనక 'ఫోనో' అని రాసిన చోటు లేకపోతే, ఆ పని చేసే చిన్న పెట్టె మిషనులోనే ఉన్నదా అని అడిగి తీసుకోవాలి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే పాత మిషన్లు కొన్ని 120 వోల్టులవి, అక్కడి 60 సైకిళ్ళ కరెంటుకు చేసినవి. మన 230లో నేరుగా పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టు తగ్గించినా, ఆ రకం మోటారు మన 50 సైకిళ్ళ మీద నెమ్మదిగా తిరుగుతుంది.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. ఎవరైనా నడిస్తే ఊగే బల్ల మీద పెడితే ముల్లు ఎగురుతుంది. బరువైన, సమంగా ఉన్న చదును కావాలి. పట్నాలలో దీనికోసం ప్రత్యేకం బల్లలు అమ్ముతారు. మనకు గోడలో దిగ్గొట్టిన కడప బండ ఉండనే ఉంది. ఎండ పొద్దు తగలని గోడ చూసుకోవాలి, మన వేసవికి ఎల్పీ అప్పడంలా వంగుతుంది. రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లాగా నిలబెట్టాలి. మురికి తీయడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు (యాసిడ్ కాదు సుమా) మెత్తని గుడ్డకు అద్ది, గాడి వెంట తుడిస్తే చాలు. చీటీ తడవకూడదు.

మన జిల్లావారికి పద్యనాటకం మీద మక్కువ ఈనాటిది కాదు. చక్రాయపేట వైపున ఉన్న సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడినప్పుడే సురభి నాటక సమాజం పుట్టింది. ఆ తర్వాతి కాలంలో ఊరికి నాటకం రాని రోజుల్లో జనం ఈ ప్లేట్లే పెట్టుకుని విన్నారు.

ఇదిలా ఉండగా ఆ యువకుడు సూట్‌కేసు మిషనును పక్కన పెట్టి, దిమ్మె ఉన్న మిషను ఒకటి, ముళ్ళు రెండు తెప్పించాడు. పోయిన ఆదివారం సాయంత్రం కాటిసీను ప్లేటు పెట్టారు. ఇంట్లో వాళ్ళంతా బాగుందన్నారు. అవ్వ మాత్రం చెవి దగ్గరగా పెట్టి, "ఈయన ఇంత బిరబిరా పాడడే" అంది. చూడగా వేగం సరిచేసే పుల్ల పైకి జరిగి ఉంది. దాన్ని నడిమికి తెచ్చి మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి ఆమె ఏమీ అనలేదు. మూడు నిమిషాలు కాగానే ముల్లు చివరికి వచ్చి గిరగిర తిరుగుతుంటే, "తిప్పి వేయి నాయనా, రెండో పక్క ఉండాది" అంది.

ప్లేట్లలో నాలుగు పగిలి ఉన్నాయి, ఒకటి ఈ విలేకరి పుణ్యం. మిగిలినవి రోజుకు రెండు చొప్పున వింటున్నారు.