కోడ్ రాని వాళ్లకు వెబ్‌సైట్: పనిముట్టు ఎలా ఎంచుకోవాలి?

రంజాన్‌కు ముందు ఒక దాత ఫోన్ చేశారు. "సార్, మన సంస్థ వెబ్‌సైట్ తెరిస్తే ఏదో ఆటల ప్రకటన వస్తోంది. మీరు చూశారా?" అన్నారు. చూడలేదు. చూస్తే నిజమే.

ఆ సైటును కొన్నేళ్ల కింద మన కుర్రవాడొకడు పైసా తీసుకోకుండా చేసిపెట్టాడు. సైటు చిరునామాను, అంటే డొమైన్‌ను, తన సొంత ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేశాడు. తర్వాత ఉద్యోగానికి విదేశం వెళ్లాడు, ఆ ఈమెయిల్ చూడడం మానేశాడు. రెన్యువల్ గడువు పోయింది. గడువు దాటినా కొన్నాళ్లు తిరిగి తీసుకునే వీలుంటుంది, అదీ పోయింది. చివరికి ఆ చిరునామాను ఎవరో కొనుక్కున్నారు. తప్పు అతనిది కాదు. ఆ ఖాతా ఎవరి పేర ఉందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని మాది. స్కాలర్‌షిప్ కరపత్రం మీద అచ్చు వేసింది ఆ చిరునామానే. గడువు ముగిశాక ఒక ఇంటర్ విద్యార్థిని తండ్రి కరపత్రం పట్టుకుని ఆఫీసుకు వచ్చినప్పుడు మా దగ్గర సమాధానం లేదు. కమిటీని ఒప్పించి ఆ అమ్మాయి దరఖాస్తు తీసుకున్నాం. అక్కడిదాకా రాని పిల్లలు ఎందరో మాకు తెలియదు.

అందుకే కొత్త సైటు మనమే చేసుకోవాలని పూనుకున్నాం. ఇద్దరు ఉపాధ్యాయులం, ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. కోడ్ రాయడం ఎవరికీ రాదు. ఇప్పుడు అది రాకపోయినా పని జరుగుతుంది. బడిలో గోడపత్రిక చేసేటప్పుడు శీర్షిక ఒకచోట, బొమ్మ ఒకచోట పెట్టి, కుదరకపోతే జరిపి అతికిస్తాం కదా, అలాగే తెర మీద మౌస్‌తో జరుపుతూ పేజీ కట్టే సాధనాలు ఉన్నాయి. వెనకాల హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ అనే కోడ్‌ను ఆ సాధనమే రాసుకుంటుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1990లలోనే ఫ్రంట్‌పేజ్, డ్రీమ్‌వీవర్ వచ్చాయి. అవి కంప్యూటర్‌లో ఎక్కించుకోవలసినవి. ఇప్పటివి బ్రౌజర్‌లోనే నడుస్తాయి.

విక్స్, స్క్వేర్‌స్పేస్ వంటివి సామానుతో సహా ఇచ్చే అద్దె ఇల్లు. డిజైన్లు ముచ్చటగా ఉంటాయి, మరమ్మతులు వాళ్లే చూసుకుంటారు. విక్స్ ఉచిత ప్లాన్‌లో మాత్రం వాళ్ల ప్రకటన, వాళ్ల పేరుతో కూడిన చిరునామా ఉంటాయి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ సొంత ఇల్లు లాంటిది. సాఫ్ట్‌వేర్ ఉచితం, స్థలం అంటే హోస్టింగ్ మనం కొనుక్కోవాలి. 2018 చివర వచ్చిన బ్లాక్ ఎడిటర్‌తో పేజీలు కట్టడం తేలికైంది. అయితే సాఫ్ట్‌వేర్‌ను, దానికి తగిలించే ప్లగిన్లను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి ఉండాలి. లేకపోతే దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే. వెబ్‌ఫ్లో శక్తిగలది. కానీ పెట్టెలో పెట్టె ఎలా అమరుతుంది, క్లాస్ అంటే ఏమిటి అనేవి తెలియాలి. మా అమ్మాయికి అదే నచ్చింది, మాకు రెండో రోజుకే తల తిరిగింది. వెబ్ డిజైన్‌ను వృత్తిగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు మాత్రం మంచి పాఠశాల. ఇక గూగుల్ సైట్స్ అన్నిటికన్నా సులువు, ఉచితం, సొంత డొమైన్ కూడా తగిలించుకోవచ్చు. అందచందాలు తక్కువ.

కొత్తవాళ్లు మొదట చూసేది డిజైన్. మేమూ అదే చూశాం. చూడవలసింది బయటికి వచ్చే దారి. రేపు ఈ సాధనం వద్దనుకుంటే మన సరుకు మన చేతికి వస్తుందా? వర్డ్‌ప్రెస్‌లో రాసినదంతా ఒక ఫైలుగా దింపుకుని వేరేచోట ఎక్కించవచ్చు. వెబ్‌ఫ్లోలో కోడ్ దింపుకోవడం డబ్బు కట్టే ప్లాన్లలోనే, అప్పుడు కూడా ఫారాలు బయట పనిచేయవు. విక్స్ సైటును అలాగే ఎత్తి ఇంకొకచోట పెట్టడం కుదరదు, మళ్లీ కట్టుకోవలసిందే. ఒకసారి దెబ్బ తిన్నవాళ్లం కాబట్టి ఈ విషయం మీదే ఒక సమావేశమంతా గడిచింది.

రెండోది మన భాషల సంగతి. మన పాత నివేదికలన్నీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవి. వాటిని పేజీలో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడవాలి. కాబట్టి ఏ సాధనమైనా డబ్బు కట్టక ముందే ఒక తెలుగు పేరా, ఒక ఉర్దూ పేరా అతికించి, చవక ఫోనులో, సిగ్నల్ సరిగా లేని చోట తెరిచి చూడండి. దరఖాస్తు చేసే పిల్లలు తెరిచేది అలాంటి ఫోనులోనే. ధర చూసేటప్పుడు మొదటి ఏడాది తగ్గింపు కాదు, రెండో ఏడాది ఎంతో చూడాలి.

మాకు కావలసినవి ఆరు పేజీలు. అప్‌డేట్లు చూసే మనిషి లేడు. అందుకని గూగుల్ సైట్స్‌తోనే మొదలుపెట్టాం. దరఖాస్తుకు గూగుల్ ఫారం పెట్టాం. అందులో ఫైలు అప్‌లోడ్ అడిగితే పిల్లలు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. ఇంటికొక ఫోను ఉన్నచోట అది కష్టం. పైగా ఆధార్ కాపీలు మన దగ్గర పోగవడం మంచిది కాదు. అందుకే వివరాలు మాత్రమే అడిగి, కాగితాలు ఇంటర్వ్యూలో చూస్తున్నాం. రెడీమేడ్ డిజైన్లన్నీ పైభాగంలో పెద్ద ఫోటో అడుగుతాయి. సాయం అందుకున్న పిల్లల ముఖాలు అక్కడ పెట్టకూడదని తీర్మానించాం. లైబ్రరీ గది ఫోటో పెట్టాం.

విరాళం బటన్ పెట్టలేదని కొందరు అడిగారు. అది ఏ దేశం నుంచైనా నొక్కగలిగే బటన్. గల్ఫ్‌లో ఉన్నా భారత పౌరుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే విదేశీ పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపితే విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఈ తేడాను బటన్ అడగదు. ప్రస్తుతానికి ఆఫీసుకు ఫోన్ చేసి పంపండి, రసీదు ఇస్తాం.

డొమైన్ ఈసారి సంస్థ ఈమెయిల్‌తో, సంస్థ పేరుమీద కొన్నాం. తెలుగు లిపిలో .భారత్ చిరునామా కూడా దొరుకుతుంది గానీ, ఫోనులో టైపు చేసేవాళ్ల అలవాటు చూసి .ఇన్ తీసుకున్నాం. పాస్‌వర్డ్ కార్యదర్శి దగ్గర, కోశాధికారి దగ్గర ఉంది. రెన్యువల్ తేదీని మినిట్స్ పుస్తకం అట్ట లోపల ఎర్ర సిరాతో రాశాం.