తూము పక్కన నిలబడి ఇంకో ఫొటో పంపు

హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది వానాకాలం. రాత్రి పదిన్నర దాటింది. పేజీలు కట్టేసే వేళకి డెస్కులో ఫోన్ మోగితే ఎవరికీ వినపడదు. ఆ రోజు ఎందుకో నేనే ఎత్తాను. అవతల ఇరవై కూడా నిండనట్టున్న గొంతు.

"మేడం, మా సెరువు గట్టు జారిపోతంది. ఈడియో తీసినాను. ఏ నంబరుకి పంపాల?"

నా నంబరే ఇచ్చాను. వాట్సాప్‌లో వచ్చింది, నలభై సెకన్లు. చీకటి, టార్చి వెలుతురు, ఎర్రనీళ్లు, వెనకనుంచి ఎవరిదో "ఓలమ్మో" అన్న కేక. అది చెరువో కాలవో, ఆ ఊరో మరో ఊరో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. ఆ మండలం కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఉండేది మండల కేంద్రంలో, ఆ ఊరికి పన్నెండు కిలోమీటర్లు. పది నిమిషాల్లో తిరిగి చేశాడు. "ఇరిగేషన్ ఏఈ గారితో మాట్లాడాను మేడం. గట్టుకి భయమేం లేదంట. పొద్దున్నే ఇసుక బస్తాలు వేయిస్తారంట."

మూడు వాక్యాలు రాసి పేజీ వదిలేశాం. చెరువుకు వరద తాకిడి, ఆందోళన అక్కర్లేదని అధికారుల వెల్లడి. తెల్లారేసరికి గట్టు తెగింది. పల్లపు వీధిలో మోకాలిలోతు నీళ్లు, పొలాల్లో ఇసుక మేట. మనుషులకేం కాలేదు, అదృష్టం. మా పేపరు వేసే అబ్బాయి మాత్రం సైకిలు నడిపించుకుంటూ ఆ నీళ్లలోంచే వెళ్లి, ఆందోళన అక్కర్లేదన్న వార్తని ఇంటింటికీ ఇచ్చాడు.

ఇరవై ఆరేళ్లు మొఫసిల్ డెస్కులో పనిచేశాను. సిటిజన్ జర్నలిజాన్ని నమ్మాలా, పత్రికల్నీ టీవీల్నీ నమ్మాలా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాత్రే. ఆ కుర్రాడు గట్టు మీద ఉన్నాడు. మా కంట్రిబ్యూటర్ ఇంట్లో ఉన్నాడు. ఏఈ గారు టౌన్లో ఉన్నారు. ముగ్గురిలో చెరువుకి అందరికన్నా దూరంగా ఉన్నాయన మాటే మేం అచ్చేశాం. ఆయనకి హోదా ఉంది కాబట్టి. చెప్పింది ఎవరని అడిగానే తప్ప చూసింది ఎవరని అడగలేదు.

నిజానికి మా కంట్రిబ్యూటర్ మాత్రం పూర్తి పాత్రికేయుడా? 1974లో విశాఖలో ఈనాడు మొదలై, ఆ తర్వాత జిల్లాకో అనుబంధం పుట్టి, తెలుగు పత్రికలు ఊరూరి వార్తనీ పట్టుకున్నాయంటే అది ఇలాంటివాళ్ల చలవే. టీచరో, ఎల్ఐసీ ఏజెంటో, మందుల షాపాయనో సాయంత్రం పూట వార్తలు రాసేవాడు. జీతం ఉండదు, లైన్ అకౌంట్. అచ్చయిన మేరకి కొలిచి ఇచ్చే చిల్లర. నేను చేరిన కొత్తలో ఆ కాగితాలు కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవారు. బస్సు ఆలస్యమైతే ఆ మండలంలో ఆ రోజు ఏమీ జరగనట్టే. పత్రిక పేరు తగిలించుకున్న పౌరుడే ఆయన కూడా.

ఆ పౌరుడి కాగితానికీ, ఇవాళ ఫోన్లో వచ్చే వీడియోకీ తేడా ఎక్కడుందంటే, మధ్యలో ఒక చిరాకు మనిషి ఉండేది. అంటే నేను. "చచ్చిపోయింది ఏడుగురని రాశారు, మార్చురీ దగ్గర మీరు లెక్కపెట్టారా, సీఐ చెప్పాడా? ఆయన రెండో భార్య అని రాశారు, ఆవిడ ఒప్పుకుందా?" ఈ ప్రశ్నలకి ఒళ్లు మండి ఫోన్ పెట్టేసినవాళ్లున్నారు. తప్పు పడితే మర్నాడు సవరణ వేయాలి, లాయరు నోటీసు వస్తే ఎడిటర్ ముందు నిలబడాలి, ఎవరికైనా కోపమొస్తే ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. పరువు పోతుందన్న భయం వల్ల వచ్చిన జాగ్రత్తే అది. గొప్ప ఆదర్శమేం కాదు.

ఆ జాగ్రత్తకి తూట్లు ఎక్కడ పడ్డాయో కూడా చెప్పాలి. అదే కంట్రిబ్యూటర్ జనవరి 1కీ ఆగస్టు 15కీ సర్పంచుల దగ్గరా కాంట్రాక్టర్ల దగ్గరా యాడ్లు తేవాలి. యాడ్ ఇచ్చిన కాంట్రాక్టర్ వేసిన రోడ్డు కుంగితే ఆ వార్త మా దాకా రావడానికి వారం పట్టేది. ఒక్కోసారి వచ్చేదే కాదు. ఎన్నికలప్పుడైతే ఇదే పెద్దఎత్తున. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల పొగడ్తలు డబ్బు తీసుకుని వార్తల్లా వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ చేయించింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి. 71 పేజీల నివేదిక పేర్లతో సహా తయారైంది. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి చిన్నది బయటపెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే తప్ప, 2011లో, అసలుది బయటికి రాలేదు. పత్రికల తప్పుల్ని అడగాల్సిన చోటే ఇలా జరిగాక, జనం ఫోన్ల వైపు తిరిగారంటే తప్పు పట్టను.

జార్జ్ ఫ్లాయిడ్ సంగతి అందరికీ తెలిసిందే. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో ఆయన చనిపోయినప్పుడు పోలీసుల మొదటి ప్రకటన ఏమిటంటే, అరెస్టు సమయంలో ఆయనకి ఆరోగ్యం బాగోలేక చనిపోయాడని. మా ఏఈ గారి మాట లాంటిదే. ఆ రాత్రి డెస్కులో నేనుంటే నేనూ అదే వేసేదాన్ని. డార్నెల్లా ఫ్రేజియర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి రోడ్డు పక్కన నిలబడి తీసిన వీడియో ఆ ప్రకటనని అబద్ధం చేసింది. మరుసటి ఏడు పులిట్జర్ బోర్డు ఆ అమ్మాయికి ప్రత్యేక ప్రశంస ఇచ్చింది.

అలాగని ఫోన్‌ని నెత్తిన పెట్టుకోలేను. 2018లో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోయే వీడియో మన ఊళ్లన్నీ తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే పిల్లాణ్ణి తెచ్చి దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కోసేశారు. మన దగ్గర పార్థీ దొంగల ముఠా దిగిందన్న పుకారు దానికి తోడైంది. కొత్త మనిషి కనిపిస్తే కర్రలు లేచాయి. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న ఇలాంటి పుకారుకే మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఐదుగురు బలైపోయారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి మాత్రం అంతకుముందే పోలీసుల్ని ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ప్రెస్‌మీట్ కన్నా అదే మేలని నా అభిప్రాయం.

అన్ని పుకార్లూ ఫోన్లతోనే ఆగలేదు. పెద్ద నోట్లు రద్దయిన 2016 నవంబరులో, కొత్త రెండువేల నోటులో జీపీఎస్ చిప్ ఉందనీ, నేలలో 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పట్టేస్తుందనీ ఫార్వర్డ్ వస్తే, కొన్ని టీవీ ఛానళ్లు దానికి గ్రాఫిక్స్ చేసి మరీ చూపించాయి. ఫార్వర్డ్‌కి టై కట్టి స్టూడియోలో కూర్చోబెట్టారన్నమాట. మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది, "టీవీలో వచ్చింది గదా వదినా" అని.

2020 మే 7 తెల్లవారుజాము. అప్పటికే రిటైరై విశాఖలోనే ఉన్నాను. ఐదు గంటలకి ఫోన్ చూస్తే చుట్టాల గ్రూపులో వీడియోలు. రోడ్డు మీద నడుస్తూనే జనం కుప్పకూలిపోతున్నారు. పాత అలవాటు, ఏ దేశానిదో అనుకున్నాను. మరోసారి చూస్తే ఒక దుకాణం బోర్డు, తెలుగులో, కింద గోపాలపట్నం అని. ఆర్.ఆర్.వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైంది మూడు గంటల వేళ. అప్పటికి పేపర్లు అచ్చయిపోయాయి. గుమ్మంలో పడిన పేపర్లో దాని ఊసే లేదు. ఆ పూట ఊరిని నిద్రలేపింది ఫోన్లే. మళ్లీ ఆ రాత్రే రెండోసారి లీకైందన్న మాట పాకి, జనం పిల్లల్ని ఎత్తుకుని చీకట్లో రోడ్డెక్కారు. అలాంటిదేం లేదని పోలీసులు చెప్పేసరికి చాలామంది ఊరు దాటేశారు. పొద్దున్న వీడియోలో బోర్డు ఉంది. రాత్రి మాటలో ఏ బోర్డూ లేదు.

నా దగ్గర మిగిలిన విద్య ఇదే. బోర్డు వెతకడం. బస్సు రంగు, వాహనం నంబరులో రాష్ట్రం అక్షరాలు, వెనకనుంచి వినిపించే యాస, నేల తడో పొడో. ఫార్వర్డ్ మీద జంట బాణం గుర్తుంటే అది చాలా చేతులు మారిందని అర్థం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలో దాగి ఉండే వేళా చోటూ వివరాలు పోతాయి కాబట్టి, డాక్యుమెంటుగా పంపమని అడగాలి. ఫొటో గూగుల్లో వేసి వెతికితే ఎన్నేళ్ల కిందటిదో చాలాసార్లు బయటపడుతుంది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు ఇదే పనిని తెలుగులో చేసి పెడుతున్నారు. అన్నిటికన్నా తేలికైనది మరొకటుంది. ఇంకో ఫొటో అడగడం. అక్కడున్నవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు. లేనివాడు "గ్రూపులో వచ్చింది మేడం" అంటాడు.

ఆ రాత్రి నేనా కుర్రాణ్ణి అడగాల్సిన మాట అంతే. బాబూ, తూము పక్కన నిలబడి ఇంకో ఫొటో పంపు. అడిగి ఉంటే పంపేవాడు.

ఆ కుర్రాడి నంబరు నా ఫోన్లో 'చెరువు' అనే పేరుతో ఉంది. ఇప్పుడతనికి సొంత యూట్యూబ్ ఛానల్ ఉంది, మైకు మీద లోగో, బండి మీద ప్రెస్ అని స్టిక్కరు. పండగలకి నాయకుల శుభాకాంక్షలు వేసి డబ్బు తీసుకుంటాడు. "మరి మీవోళ్లు తీసుకోలేదా మేడం" అంటాడు. మొన్న రేషన్ బియ్యం లారీ ఒకటి రాత్రిపూట ఎటో వెళ్తుంటే వీడియో తీశాడు. డీలర్ పేరు పెట్టి వేసేయనా అని ఫోన్ చేశాడు.

"డీలర్‌ని అడిగావా?"

"ఫోన్ ఎత్తట్లేదండి."

"తహశీల్దార్?"

"మీటింగులో ఉన్నారంట."

"లారీ ఆ డీలర్ దగ్గర్నుంచే బయల్దేరడం నువ్వు చూశావా?"

కాసేపు మాట్లాడలేదు. రోడ్డెక్కాకే చూశానన్నాడు. ఆ షాపు ఎదుట టీ కొట్టు ఒకటి ఉందనీ, ఆయన పొద్దున్న నాలుగింటికే తీస్తాడనీ, వెళ్లి అడిగొస్తాననీ అన్నాడు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది.